కొసరు లేని అంగడి

(పట్టణ గ్రంథాలయ భవనమున చదివిన స్మారకోపన్యాసము)



ఎవరి స్మృత్యర్థము మనము ఏటేట ఇట్లు కూడుచున్నామో ఆ మహాశయుడు గ్రంథకర్త గాని సభలకెక్కిన వక్త గాని కాడు. నలువది సంవత్సరములు పెదబజారులో కిరాణా కొట్టు నడిపి, సంతానము లేకపోవుటచేత ఆ కొట్టును, దాని వెనుకనున్న ఇంటిని ఈ గ్రంథాలయమునకు వ్రాసియిచ్చి, తాను చదువని పుస్తకములను పరులు చదువుకొనుటకు నీడ కల్పించి పోయిన వర్తకుడు. బ్రతికియుండగా నేనెన్నడును పేరుపెట్టి పిలువని మనిషిని, ఫలకముమీద పేరు చెక్కియున్నది గదా యని, ఇప్పుడు పేరుపెట్టి పిలుచుటకు నాకు నోరు రాకున్నది. ఊరికంతకును ఆయన శెట్టిగారు; ఈ ఉపన్యాసమునందును శెట్టిగారే.

కార్యదర్శిగారు నన్ను తెలుగు గద్యమునుగూర్చి మాటాడుమని కోరిరి. గద్యమునుగూర్చి నాకంటె అర్హులైనవారు ఈ వేదికమీద లోగడ మాటాడియున్నారు. వర్తకుని పేరిట జరుగు సభలో వర్తకమునుగూర్చి ఇంతవఱకు ఒక్కరును నోరెత్తకుండుటయే నాకు లోటుగా తోచినది. అదియుగాక, గడచిన పదునైదు ఇరువది సంవత్సరములలో మన గృహముల నడవడిని మిక్కిలిగా మార్చినదేదియని ఎవరైన నన్నడిగినచో, రాజకీయములను సినిమాలను ప్రక్కకునెట్టి, బియ్యము మొదలు పెండ్లి పట్టుచీరవఱకు ఫోనులోనే చూచి, ఫోనులోనే కొని, గుమ్మములో అందుకొనుచున్న ఈ ఆన్‌లైన్ కొనుగోలునే చెప్పుదును. ‘అరచేతిలో వైకుంఠము చూపుట’ యను పలుకుబడిని మన పెద్దలు మాయమాటల వారి విషయమున వాడిరి. అరచేతిలో నిజముగా అన్నియు కనబడు కాలమొకటి వచ్చునని వారు ఊహించియుండరు.

అయితే ఇది మొదలంట క్రొత్తది యనుకొనుట పొరపాటు. వస్తువును కంట చూడక, అమ్మువానిని ఎఱుగక, కాగితముమీది వర్ణనను నమ్మి తెప్పించుకొనుట మన తాతలు చేసిన పనియే. తపాలాశాఖవారు 1877లో, కట్ట అందినప్పుడు వెల చెల్లించు వి.పి.పి. పద్ధతిని, 1880లో మనియార్డరును ప్రవేశపెట్టిన పిదప, చెన్నపట్నమున అచ్చయిన పుస్తకమును, బొంబాయిలో తయారైన తలనొప్పి మందును, పల్లెటూరి అరుగుమీద కూర్చున్నవాడు కార్డుముక్క వ్రాసి రప్పించుకొనగలిగెను. నా బాల్యమున తపాలా బంట్రోతు కట్టను చంకనిడుకొని గుమ్మములో నిలిచి, రూపాయలను ఒకటికి రెండుమార్లు లెక్కించుకొనిన పిదపనే దానిని మా తండ్రిగారి చేతికి అందించెడివాడు. విప్పి చూచినప్పుడు, లోపలి వస్తువునకును ప్రకటనలోని బొమ్మకును గల చుట్టఱికము ఒక్కొక్కప్పుడు మిక్కిలి దూరపుదై యుండెడిది. 2010లో ఫ్లిప్‌కార్ట్ సంస్థవారు, సరకు చేతికి వచ్చిన తరువాతనే డబ్బిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టి, బ్యాంకు కార్డులు లేనివారిని, ఉన్నను నమ్మకము లేనివారిని తమ అంగడిలోనికి రప్పించుకొన్నారు. దానిని మహాకల్పనగా కొనియాడినవారు కలరు. నా దృష్టిలో అది వి.పి.పి.కి మనుమడు.

తీగద్వారమున ఇంటినుండి సరకు కోరిన తొలి గృహస్థురాలు యువతి కాకపోవుట మఱియొక విశేషము. 1984లో ఇంగ్లండునందలి గేట్స్‌హెడ్ అను ఊరిలో డెబ్బదిరెండేండ్ల వృద్ధురాలొకతె, టెలిఫోను తీగతో కలిపిన తన టెలివిజను ఎదుట కూర్చుండి, మీటలు నొక్కి, టెస్కో దుకాణమునుండి మార్గరిన్, కార్న్‌ఫ్లేక్సు, గ్రుడ్లు తెప్పించుకొనెను. నడచి అంగడికి పోలేని పెద్దలకొఱకు ఆ ఊరి పౌరసంఘము పాలుపంచుకొని చేయించిన ఏర్పాటది. ఈ వర్తకమును సోమరుల వర్తకమని ఈసడించువారు దీని పుట్టుక అశక్తుల అవసరమునందున్నదని ఎఱిగినచో కొంత మెత్తబడుదురేమో.

మన దేశమున ఈ కథకు తెలుగుగడ్డతోనే ఒక ముడి కలదు. 2007లో బెంగుళూరున సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అను ఇద్దఱు యువకులు ఫ్లిప్‌కార్ట్‌ను పుస్తకముల అంగడిగా తెఱచినప్పుడు, వారికి తొలి బేరము పంపినవాడు పాలమూరను మహబూబ్‌నగరు వాసియైన ఒక ఇంజనీరు. అతడు కోరినది జాన్ వుడ్ వ్రాసిన ‘లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు ఛేంజ్ ది వరల్డ్’ అను ఇంగ్లీషు పుస్తకము. అది వారి చేతిలో లేదు. బెంగుళూరు పుస్తకముల దుకాణములు గాలించి, ఒక ప్రతిని సంపాదించి పంపిరి. బోణీ బేరమును వదలుకొనరాదను అంగడి ధర్మమును ఆ యువకులు తెలిసియో తెలియకయో పాటించినారు. ఆ అంగడిలోనే నూటికి 77 వంతులను 2018లో అమెరికాదేశపు వాల్‌మార్ట్ సంస్థ 1,600 కోట్ల డాలర్లకు కొనినది. అదే పాలమూరు సీమవారైన సురవరం ప్రతాపరెడ్డిగారు, రాజుల దండయాత్రలను ప్రక్కనబెట్టి ప్రజల తిండిని, గుడ్డను, ఆటపాటలను చరిత్రగా వ్రాసి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించిరి. ఆయన నేడుండినచో ఈ పాలమూరి బోణీకి ఒక పుట కేటాయించియుండెడివారని నా నమ్మకము.

ఇక ఈ అంగడి నడచు తీరు. ఇత్తడి కాఫీ ఫిల్టరు కావలెనని నేను ఫోనులో వ్రాసితిననుకొనుడు. ఱెప్పపాటులో పదులకొలది ఫిల్టర్లు వరుసతీరి నిలుచును. ఆ వరుసను తీర్చినదెవరు? శెట్టిగారి కొట్టులో ఏ డబ్బా ముందుండవలెను, ఏది వెనుకనుండవలెను అన్నది ఆయన చేయి ఎంతదూరము సాగునో దానినిబట్టి ఏర్పడెడిది. ఇచట ముందువరుసలో నిలుచుటకు అమ్మకందారులు వెలపోసి చోటు కొనుచున్నారు. అట్లు కొనిన చోటుపై ‘స్పాన్సర్డ్’ అను మాట చీమతలకాయంత అక్షరములతో వ్రాసియుండును. వస్తువు క్రింద నక్షత్రములు మెఱయును, వాని క్రింద మెప్పుమాటలు పేరుకొనియుండును. ఆ మెప్పులలో కొన్ని కొనినవారివి, కొన్ని కొనిపించువారివి. విదేశపు మూలధనముగల సంస్థ తన సొంత సరకును ఈ విధముగా గృహస్థులకు నేరుగా అమ్మరాదనియు, ఇతరులమ్ముకొనుటకు చోటు మాత్రమే చూపవలెననియు మన ప్రభుత్వ నియమము. ఆ సంస్థకు వాటా ఉన్న కంపెనీలు సైతము అచట అమ్మరాదని 2019 ఫిబ్రవరి 1 నుండి దానిని ఇంకను బిగించిరి. కావున మనమెఱిగిన ఆ పెద్దపేరు సంత యజమానిది. ఆ సంతలో గంప దించుకొని కూర్చున్న అసలు వర్తకుడు ఎక్కడివాడో, ఎట్టివాడో. వాని మొగము మనమెఱుగము. మన మొగము వాడెఱుగడు.

ఆ వర్తకుని తలచుకొన్నప్పుడెల్ల నాకు మోటుపల్లి శాసనము జ్ఞప్తికి వచ్చును. ఓడలు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును వెనుకటి రాజులు బలాత్కారముగా హరించుచుండిరనియు, తాను నియతమైన సుంకము తప్ప వేఱేమియు ముట్టననియు, 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు సముద్రవ్యాపారులకు అభయమిచ్చి శిలపై చెక్కించెను. శిలపై చెక్కిన సుంకమును మార్చవలెనన్న మఱియొక ఱాయి తేవలెను. నేటి సంత యజమాని తన కమిషనును, గోదాము అద్దెను, రవాణా కూలిని ఒక్క ఈమెయిలుతో మార్చగలడు. కొనినవాడు ‘నచ్చలేదు’ అని త్రిప్పి పంపిన సరకు రాకపోకల ఖర్చు పలుమార్లు ఆ చిన్న వర్తకుని నెత్తినే పడును. ఒక్క సంతకే కట్టువడిన ఇట్టి వర్తకులకు వేఱుదారి చూపవలెనని ఓఎన్‌డీసీ అను సంస్థ ప్రభుత్వ ప్రోత్సాహముతో 2021 డిసెంబరులో వెలసినది. దారి వేసినంతమాత్రమున బండ్లు నడువవలెనని లేదు గదా, చూడవలసియున్నది.

గోదాముల సంగతి నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది. సబ్బులన్నియు ఒకచోట, పుస్తకములన్నియు ఒకచోట ఉండునని నేను తలంచియుంటిని. ఈ కాలపు పెద్ద గోదాములు పెక్కింట, వచ్చిన సరకును ఎక్కడ ఖాళీయున్న అక్కడ, సబ్బుప్రక్కన నిఘంటువును, నిఘంటువుప్రక్కన లక్కపిడతలను పెట్టుచున్నారు. ప్రతి అఱకును ఒక గుర్తు, ప్రతి వస్తువునకు ఒక గుర్తు. ఏది ఎక్కడనున్నదో ఎఱిగినది యంత్రమొక్కటే. చేత స్కానరు పట్టుకొనిన పనివాడు, యంత్రము చూపిన త్రోవనుబట్టి ఆ అఱకు నడచి, అది చెప్పిన వస్తువును తీసి, అది చెప్పిన పెట్టెలో వేయును. శెట్టిగారు చీకటిలో సైతము వాము డబ్బాను తడిమి తీసెడివారు. ఆ జ్ఞానము ఆయన వ్రేళ్ళయందుండెడిది. నేడది గోడలకును తీగలకును చేరి, మనిషికి నడక మాత్రము మిగిలినది.

పెట్టె గోదాము దాటి మన ఊరు చేరుటకు ఆధారము ఆఱంకెల పిన్‌కోడ్. దానిని 1972 ఆగస్టు 15న తపాలాశాఖయందు ప్రవేశపెట్టించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్‌గారు సంస్కృతకవి. ఛందస్సులో గణములను పేర్చిన చేయి దేశమునంతటిని అంకెలుగా పేర్చినది. మొదటి అంకె అయిదయినచో తెలుగు రాష్ట్రములు గాని కర్ణాటకము గాని అని తేలిపోవును. సంస్కృతము చదివి ఏమి లాభమని నన్నడిగెడి కుఱ్ఱవాండ్రకు ఈ సంగతి చెప్పుచుందును. అయితే ఆ ఆఱంకెలు పెట్టెను ఊరిదాక తెచ్చును గాని ఇంటిదాక తేలేవు. చివరి నూఱు గజములకు మన విలాసములలో ‘ఆంజనేయస్వామి గుడి వెనుక సందు’, ‘పాత సినిమాహాలు ఎదురుగా’ అను గుర్తులే శరణ్యము. ఈ మాట మఱల వచ్చును.

ఇప్పుడు ధరమాట. కౌటిల్యుడు స్వదేశపు సరకుమీద నూటికి 5, పరదేశపు సరకుమీద నూటికి 10 లాభము మించరాదని విధించెను. విధింపవలసి వచ్చినదనగా ఆ కాలమునను మించెడివారుండిరన్నమాట. మన బజారులో ధరను విధించినది శాస్త్రము కాదు, బేరము. అమ్మువాడు ఒకమాట, కొనువాడు ఒకమాట, నడుమ ‘ఇంకెవరైనా అయితే ఈ ధరకిస్తానా అమ్మా’ అను ఒక చిన్న అసత్యము, వెడలిపోవుచున్నట్లు నాలుగడుగులు, మఱల పిలుపు. ఇంతయు నడచి త్రాసు కొంచెము కొనువానివైపు మొగ్గిన పిదప, పైన కొసరు. కూరలతో రెండు రెబ్బల కరివేపాకు, బెల్లముతో చిన్న పలుకు. కొసరునకు వెల లేదు. అడుగవలెను, కొంచెము విసుగుకొనుచు ఇయ్యవలెను. ఫోనులోని ధరకు నోరు లేదు, చెవులు లేవు. బాటావారి చెప్పుల ధరవలె రూపాయకు అయిదు పైసలు తక్కువగా కనబడి చవకయనిపించుట ఎఱిగిన విద్యయే. కాని ఉదయమున ఒక ధర, సాయంకాలమున ఒక ధర, పండుగనాడు ఒక ధర చూపు ఈ అంగడిలో, నాకు చూపినదే నా పొరుగువానికి చూపిరో లేదో తెలిసికొను ఉపాయము నాకు లేదు. శెట్టిగారు నాకొక ధర, మా పొరుగువారికొక ధర చెప్పినచో, ఆ సాయంకాలమే చెఱువుగట్టుమీద బయటపడెడిది.

2024లో ఒక ముచ్చట జరిగినది. బ్లింకిట్ అను శీఘ్రసరఫరా సంస్థనుండి కూరలు తెప్పించుకొనిన ముంబాయి గృహిణియొకతె, కొత్తిమీరకు వేఱుగా డబ్బు తీసికొనిరని నివ్వెఱపోయినదట. కుమారుడా సంగతిని సామాజిక మాధ్యమమున వ్రాయగా, సంస్థ అధిపతి నొచ్చుకొనక, కూరలు కొనువారికి కొత్తిమీర ఉచితముగా ఇచ్చు ఏర్పాటు చేయించెను. నేను చదివి సంతోషించితిని. పిదప కొంచెము విచారించితిని. అడుగకయే, అందఱకును, యంత్రము కొలిచి వేయు కొత్తిమీర కొసరు కాజాలదు. అది వంతు.

కొసరుకంటె లోతైనది ఖాతా. శెట్టిగారి ఎఱ్ఱ అట్టల ఖాతాపుస్తకములు కొన్ని ఈ భవనమున తూర్పుగదిలోని బీరువాలో ఇప్పటికిని ఉన్నవి. అందు మా ఇంటి పద్దు కలదు. మా తల్లిగారికిని ఒక చిన్న నోటుపుస్తకముండెడిది; తెచ్చిన ప్రతి పొట్లమును ఆమెయు వ్రాసికొనెడిది. నెల మొదటి ఆదివారమున ఆ రెండు పుస్తకములు కొట్టులోని బల్లమీద ఎదురెదురుగా తెఱచుకొనెడివి. అరవీశె చింతపండు దగ్గఱ వాదము లేచెడిది. ఒకనాడు ఆయన కొట్టివేసెడివారు, ఒకనాడు ఆమె తలయూపెడిది. నేటి అంగడియు ఖాతా వ్రాయుచున్నది, శెట్టిగారికంటె సూక్ష్మముగా వ్రాయుచున్నది: ఏమి కొంటిమో మాత్రమే కాదు, ఏమి చూచి వదలితిమో, ఏ బొమ్మయొద్ద ఎంతసేపు ఆగితిమో. ఆ పుస్తకమునకు ఎదురుపుస్తకము లేదు. దానిని మన ఎదుట తెఱచు ఆదివారమును లేదు.

మంచముపట్టిన మా అక్కగారికి కావలసిన వస్తువులను రెండేండ్లు నేను ఫోనులోనే తెప్పించితిని. ఆమె పోయిన పదునొకండవనాడు, బంధువులు భోజనములకు కూర్చుండబోవు వేళ, ఫోను మ్రోగి ఒక వాక్యము కనబడినది: ‘మీరు తరచుగా కొనే వస్తువు అయిపోయే సమయమైంది, మళ్ళీ ఆర్డర్ చేస్తారా?’ దాని లెక్క సరిగానే యున్నది. రెండేండ్ల పద్దును తప్పులేకుండ వ్రాసికొనినది.

ఇట్లన్నంతమాత్రమున పాత బజారును స్వర్గముగా చిత్రింప నేను పూనుకొనలేదు. ఆ బజారునకు కన్నులెక్కువ. ఆడుపిల్లలకు నెలనెల అవసరమైన వస్తువును పురుషుడైన కొట్టువానిని అడుగలేక, అడిగినను కాగితములో చుట్టి దొంగసొత్తువలె తెచ్చుకొనవలసివచ్చిన రోజులను ఈ సభలోని స్త్రీలు మఱచియుండరు. పాత బాకీని నలుగురిలో కేకవేసి గుర్తుచేయుట శెట్టిగారికిని అలవాటే. ఎవరింట మందు కొనిరో, ఏ మందు కొనిరో, వీధికంతకు తెలిసెడిది. మూసిన పెట్టెలో వచ్చు వస్తువు ఆ సిగ్గును తుడిచివేసినది. డల్లాసులో నున్న కుమారుడు గుడివాడలో ఒంటరిగా నున్న తల్లికి రక్తపోటు మాత్రలను, బియ్యపుమూటను తన బల్లయొద్దనుండియే పంపుచున్నాడు. కొడుకు రాడు, మూట వచ్చును. దీనిని ఏ పద్దున వ్రాయవలెనో తల్లియే చెప్పవలెను.

మూటను మోయువాడు ఒకడున్నాడు. పది నిమిషములలో తెచ్చెదమని చాటిన శీఘ్రసరఫరాలవారు, గిరాకీకి తలుపుతెఱువని చిన్న గోదాములను పేటపేటకును పెట్టి, అచటినుండి కుఱ్ఱవాండ్రను బండ్లమీద పరుగెత్తించుచున్నారు. ఆ కుఱ్ఱవానికి జీతము లేదు, మోసిన మూటకింత యని గిట్టుబాటు. పెట్రోలు వానిదే, పడిన దెబ్బ వానిదే. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో భోజనపు పొట్లమును అందించబోయిన యువకుడొకడు, ఆ ఇంటి కుక్క మీదికి ఉరుకగా తప్పించుకొనబోయి మూడవ అంతస్తునుండి పడి, కొన్ని దినములకు మరణించెను. వాని పనిని ఏమని పిలువవలెనో నిర్ణయించుటకే చట్టమునకు చాలకాలము పట్టినది. రాష్ట్రములలో మొదట 2023లో రాజస్థాన్ చట్టము చేసినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి, వీరిని ‘గిగ్ వర్కర్లు’గా పేర్కొని, సంస్థలు తమ వార్షికాదాయమునుండి నూటికి ఒకటి రెండు వంతులు వీరి సంక్షేమమునకు ఇయ్యవలెనని చెప్పుచున్నది. ‘స్మృతి’ యను మాట ఇచట చట్టమునకు పేరైనది. మూటలు మోసినవారిని స్మరించుటకు అది చాలునో చాలదో, ముందుకాలము చెప్పవలెను.

కొనువానికిని చట్టములు లేకపోలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమములనుబట్టి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను, నెలలోపల పరిష్కరింపవలెను. 1915 అను నంబరునకు ఫోనుచేసి మొఱపెట్టుకొనవచ్చును. ‘రెండే మిగిలినవి’ అని తొందరపెట్టుట, మనమడుగని వస్తువును బుట్టలో చేర్చుట, వద్దన్నవానిని సిగ్గుపఱచుట మొదలైన 13 తెఱగుల మాయలను 2023 నవంబరు 30న కేంద్రప్రభుత్వము ‘డార్క్ ప్యాటర్న్స్’ అను పేరిట నిషేధించినది. శబ్దరత్నాకర నిఘంటువునకు ఆర్డరుపెట్టిన నాకు ఒకమాఱు స్నానపుగది గుమ్మములో పఱచు పట్ట వచ్చినది. ఫిర్యాదు చేయబోగా, ఎదుట మాటాడినది మనిషి కాదు, యంత్రము. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని అది ఏడుమార్లు అన్నది. వారము దినములలో డబ్బు తిరిగివచ్చినది. పట్ట నాయొద్దనే యున్నది, మంచిదే. నిఘంటువును మాత్రము ఈ గ్రంథాలయముననే చూచుకొనుచున్నాను.

గత మాసమున అట్లు నిఘంటువుకొఱకే వచ్చి, ఎండ తగ్గువఱకు బయటి అరుగుమీద కూర్చుంటిని. శెట్టిగారి కాలమున గిరాకీలు వంతుకొఱకు వేచియుండిన అరుగది. నేడు మధ్యాహ్నవేళ డెలివరీ కుఱ్ఱవాండ్రు బండ్లు నిలిపి నీళ్ళు త్రాగుచున్నారు. వారిలో ఒకడు, ఇరువదేండ్లుండవు, ఫోను ముందునకు చాచి నన్నడిగెను: ‘సార్, ఈ అడ్రసులో శెట్టిగారి కొట్టు ఎదురు సందు అని ఉందండీ. మ్యాపులో రావట్లేదు. ఆ కొట్టు ఎక్కడండీ?’ కొట్టు మూతబడి పదునాఱేండ్లయినది. వాడు ఈ ఊరివాడు కాడు. చేతిలోని పెట్టె బరువుగానున్నది.

నేను లేచి, వాని భుజముపట్టి త్రిప్పి, వాడు ఆనుకొనియున్న ఈ గుమ్మమునే చూపితిని.